గోదావరి యొడ్డున భక్తియోగము



భక్తి యనిన నేమో మన గ్రామములలో నెవరికిని క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. రామమందిరము లేని యూరు మన దేశమున అరుదు. ధనుర్మాసము వచ్చినదన్న తెల్లవారుజామున తాళముల చప్పుడు వినబడని గ్రామమును నే నంతగా నెఱుగను. అయినను భక్తిని ‘యోగము’ అని పెద్దలేల పిలిచిరి? ఆ యోగమున కెవరు అర్హులు? ఆ త్రోవను మఱియొకనికి చూపు నధికార మెవరిది? ఈ మూడు ప్రశ్నలును తేలికయైనవి కావు. వీనిని గూర్చి మన దేశమున వేయేండ్లకు పైగా విచారణ జరిగినది. ఆ విచారణలో నొక ముఖ్యఘట్టము, ఐదు వందల యేండ్లకు పూర్వము, మన గోదావరి యొడ్డుననే నడచినది. అడిగినవాడు వంగదేశపు సన్న్యాసి. చెప్పినవాడు రాజమహేంద్రవర ప్రాంతమున గజపతిరాజు పక్షమున అధికారము నెఱపుచుండిన యొక గృహస్థుడు. ఈ కథ వంగభాషలో వ్రాయబడియుండుటచేత ఆ దేశపు వైష్ణవులకు నిత్యపారాయణమైనది. అది జరిగిన చోట నివసించు మనలో పెక్కురకు తెలియకున్నది. నేడు దానిని మీకు మనవి చేసెదను.

ముందుగా యోగమను మాటను చూతము. యోగమనగా కూడిక. చెదరిన మనస్సును ఒక్కచోట కూర్చి దానిని పరమాత్మతో జతపఱచు సాధనమునకే యోగమని పేరు. శ్వాసను నిలిపి కూర్చుండుట యొక విధము. నిత్యమేదో, అనిత్యమేదో వివేచించుట మఱియొక విధము. ఫలము నాశింపక పని చేయుట వేఱొక విధము. ప్రేమచేత మనస్సును నిలుపుట భక్తియోగము. భగవద్గీతలో పండ్రెండవ యధ్యాయమునకు భక్తియోగమనియే పేరు. ఇరువది శ్లోకముల చిన్న యధ్యాయమది. రూపము లేని తత్త్వమును వెదకువారు మేలా, తన్ను గొలుచువారు మేలా యని అర్జునుడు శ్రీకృష్ణు నడిగెను. శరీరము ధరించినవారికి అవ్యక్తమును పట్టుకొనుట మిక్కిలి శ్రమతో గూడినదని ఆయన చెప్పి, పిమ్మట నొక్కొక్క మెట్టు క్రిందికి దిగుచు వచ్చెను. తనయందు మనస్సును నిలుపుట మొదటి మెట్టు. అది చేతకానివానికి అభ్యాసము. అదియు చేతకానివానికి భగవంతుని కొఱకై పనులు చేయుట. అదియు కానివానికి పనుల ఫలమును విడుచుట. ఇందు కులము నడుగలేదు, ఆశ్రమము నడుగలేదు. ఎవని శక్తికి తగినట్లు వానికి మెట్టు చూపబడినది. తొమ్మిదవ యధ్యాయమున స్త్రీలకును వైశ్యశూద్రులకును పరమగతి కలదని స్పష్టముగా జెప్పబడియే యున్నది.

అయితే గ్రంథమున నున్నంత మాత్రమున లోకమున నడచునా? ద్రావిడదేశమున పన్నిద్దరు ఆళ్వారులు వెలసి, నాలుగువేల పాశురములుగా లెక్కింపబడు దివ్యప్రబంధమును పాడిరి. వారిలో అగ్రగణ్యుడైన నమ్మాళ్వారు వెల్లాల కులమువాడు. తిరుప్పాణాళ్వారు పాణర కులమున పెరిగినవాడు. శ్రీరంగాలయమున నడుగిడుట కర్హత లేక, కావేరి యొడ్డున నిలిచి వీణ మీటుచు పాడుచుండెడివాడట. లోకసారంగముని యను అర్చకుడు ఆయనను తన భుజములపై నెక్కించుకొని స్వామి సన్నిధికి గొనిపోయెనని సంప్రదాయము చెప్పుచున్నది. కథ మధురమైనదే. కాని ఆ యొక్కనికి తెఱచిన ద్వారము ఆయనవంటి యితరులకు శతాబ్దముల తరబడి మూయబడియే యుండెను. రామానుజుల తరువాతి యాచార్యులలో కొందఱు, వేదాధ్యయనముతో గూడిన భక్తియోగము ద్విజులకే యనియు, శరణాగతి మాత్ర మందఱి దనియు విభజించిరి. అనగా భక్తి యెల్లవారిదని చెప్పు గ్రంథమొకటి, ఎవరెంతవఱకు రావచ్చునో గీత గీయు నాచార మొకటి, రెండును ప్రక్కప్రక్కనే నడచుచు వచ్చినవి. ఈ రెంటి నడుమ చిక్కినవాడే మన కథలోని రామానందరాయడు.

మొదట సన్న్యాసిని గూర్చి చెప్పెదను. 1486వ సంవత్సరమున వంగదేశపు నవద్వీపమున విశ్వంభరమిశ్రుడను బ్రాహ్మణ బాలకుడు జన్మించెను. నవద్వీపము ఆ దినములలో న్యాయశాస్త్రమునకు పెట్టినది పేరు. విశ్వంభరుడు చిన్ననాడే పండితుడై పాఠశాల నడపుచు, వాదములలో నెదుటివారిని నోరెత్తనీయక గెలుచుచుండెడివాడు. గయాయాత్రకు పోయి వచ్చినది మొద లతని స్వభావమే మాఱిపోయెను. వాదము విడిచి వీథులలో హరినామ సంకీర్తనము మొదలుపెట్టెను. 1510వ సంవత్సరమున కేశవభారతివలన సన్న్యాసము గ్రహించి శ్రీకృష్ణచైతన్యుడను పేర పురీక్షేత్రమునకు వచ్చెను. అక్కడ సార్వభౌమ భట్టాచార్యుడను గొప్ప వేదాంతపండితు డతని కాప్తుడయ్యెను.

ఆ వైశాఖమున చైతన్యుడు దక్షిణయాత్రకు బయలుదేరుచుండగా సార్వభౌముడు ఒక కోరిక కోరెను. గోదావరి తీరమున విద్యానగరమున రామానందరాయడను అధికారి కలడనియు, శూద్రుడని, సంసారియని యుపేక్షింపక అతనిని తప్పక చూడవలయుననియు చెప్పెను. తాను పూర్వ మతని మాటల లోతు తెలియక వైష్ణవుడని పరిహసించితినని సిగ్గుతో నొప్పుకొనెను. పండితుడు తన తప్పును తానే చెప్పుకొనుట యెంత యరుదో సభలలో కూర్చుండు పెద్దలకు నేను చెప్పనక్కఱలేదు.

రామానందుని తండ్రి భవానందరాయడు. ఆయనకు రామానందునితో గూడ ఐదుగురు కుమారులు. పట్టనాయకులని వారికి బిరుదు. ఒడ్రదేశమున లెక్కలు వ్రాయుట వృత్తిగా గల కరణకులమువారని వారిని చెప్పుదురు. మన గ్రామములలో 1984వ సంవత్సరమున ఆ పదవి రద్దగువఱకు కరణము చేసిన పని మీరు చూచినదే గదా! లెక్కలు, పన్నులు, పొలముల హద్దులు, రాజుకు పంపవలసిన సొమ్ము, ఇట్టివాని నడుమనే రామానందుని దినములు గడచుచుండెను. 1497 మొదలు 1540 వఱకు ఏలిన ప్రతాపరుద్ర గజపతి అతనికి గోదావరీ మండలమును అప్పగించెను. అంత పని నడుమను అతడు జగన్నాథవల్లభమను సంస్కృత నాటకమును రచించెను.

చైతన్యుడు శ్రీకూర్మమును, సింహాచలమును సేవించుకొని నడచి నడచి గోదావరికి వచ్చెను. నది దాటి యావలి రేవున స్నానము చేసెనని గ్రంథము చెప్పుచున్నది. అందుచేతనే రాజమహేంద్రవరమున కెదుటనున్న కొవ్వూరు గోష్పాదక్షేత్ర ప్రాంతమే ఆ తావని సంప్రదాయము. స్నానమైనపిదప నతడు రేవునకు కొంచెము దూరమున కూర్చుండి నామము చేసికొనుచుండెను. అంతలో మేళతాళములతో, వెంట పెక్కురు వైదిక బ్రాహ్మణులతో, పల్లకి నెక్కి రామానందరాయడు స్నానమునకు వచ్చెను. కాషాయము ధరించిన యిరువదినాలుగేండ్ల యువకుని తేజస్సును జూచి దగ్గఱకు పోయి సాష్టాంగపడెను. నీవు రామానందరాయడవేనా యని సన్న్యాసి యడిగెను. అవును, ఆ శూద్రాధముడను నేనే యని యతడు బదులుచెప్పెను. సన్న్యాసి వెంటనే యతనిని గట్టిగా కౌగిలించుకొనెను. ఇరువురి కన్నులును నీరు గార్చెను.

చుట్టు నిలిచిన బ్రాహ్మణులు నివ్వెఱపోయిరి. సన్న్యాసి శూద్రుని తాకి యేల యేడ్చుచున్నాడు? గంభీరుడైన మన ప్రభువేల యిట్లు చలించినాడు? వారి ముఖములలో నీ ప్రశ్నలను జదివి చైతన్యుడు తన్ను దాను నిగ్రహించుకొనెనట. ఈ చిన్న వివరము నాకు మిక్కిలి విలువైనదిగా తోచును. రేవులో పదిమంది చూచుచుండగా నాచారపు గీతను దాటుట ఆ దినములలో నెంత బరువైన పనియో ఆ వివరము చెప్పుచున్నది.

ఆ రాత్రి మొదలు సుమారు పది రాత్రులు వారు కలిసి కూర్చుండిరి. పగటి పల్లకి లేదు, మేళము లేదు. ఒక్క సేవకుని వెంటబెట్టుకొని రామానందుడు వచ్చుచుండెడివాడు. మనుష్యుడు సాధింపవలసినదేమి, దానికి సాధనమేమి యని చైతన్యుడు ప్రశ్నించెను. తన వర్ణాశ్రమములకు విధించిన ధర్మమును నడపుటయే విష్ణుభక్తికి త్రోవ యని రామానందుడు మొదట చెప్పెను. అది వెలుపలి మాట, ఇంకను ముందునకు పొమ్మని సన్న్యాసి యనెను. చేసిన పనులనెల్ల కృష్ణున కర్పించుట యని రెండవ సమాధానము. అదియు వెలుపలిదే యనెను. స్వధర్మమును సైతము విడిచి శరణు చొచ్చుట యని మూడవది. జ్ఞానముతో గూడిన భక్తి యని నాలుగవది. అన్నిటికి నదియే మాట. అప్పుడు రామానందుడు ఐదవ సమాధానము చెప్పెను. జ్ఞానము కొఱకు పడు ప్రయాసను విడిచి, తానున్నచోటనే యుండి, సజ్జనుల నోట భగవత్కథ వినుచు, మనస్సుతోను మాటతోను దేహముతోను దానిని మన్నించుచు బ్రదుకుట యనెను. ఇది సరియైనదని సన్న్యాసి మొదటిసారిగా నొప్పుకొని, ఇంకను చెప్పుమనెను. అక్కడనుండి ప్రేమభక్తి, దాస్యము, సఖ్యము, యశోదవంటి తల్లి వాత్సల్యము, గోపికల మధురభావము, తుదకు రాధాదేవి ప్రేమ, ఇట్లు మెట్టు వెంట మెట్టెక్కి వారి సంభాషణ పోయినది. చివరకు మాటలకందని చోటు రాగా చైతన్యుడు తన చేతితో రామానందుని నోరు మూసెనట.

ఆ మెట్లను నేను పలుమాఱులు తలచి చూచితిని. మొదటి నాలుగింటిలో ప్రతిదానికి నేదో యొక యర్హత కావలయును. వర్ణధర్మమునకు పుట్టుక కావలయును. కర్మసమర్పణమునకు చేయదగిన కర్మ యుండవలయును. విడుచుటకు విడువదగిన దేదేని చేత నుండవలయును. జ్ఞానమునకు చదువు కావలయును. ఐదవ మెట్టునకు మాత్రము వినెడి చెవియు, విన్నదానిని మన్నించు మనస్సును చాలును. తానున్నచోటనుండి కదలనక్కఱయు లేదు. ఇల్లు విడిచిన సన్న్యాసి, ఇల్లు విడువని యధికారి నోట ఈ మాట విని సరియనుటలోనే భక్తియోగపు సారమంతయు నున్నదని నాకు తోచును.

నడుమ రామానందునకు సంకోచము కలిగినది. సన్న్యాసికి, అందును బ్రాహ్మణజన్ముడైనవానికి, తాను బోధించుటయా? చైతన్యుడు దానికి చెప్పిన సమాధానము వంగదేశమున నేటికిని ప్రసిద్ధము. బ్రాహ్మణుడు కానిమ్ము, సన్న్యాసి కానిమ్ము, శూద్రుడు కానిమ్ము, కృష్ణతత్త్వమును తెలిసినవాడే గురువని దాని తాత్పర్యము. భక్తి చేయుటకు అందఱు నర్హులని పలువురు చెప్పిరి. బోధించుటకును అందఱు నర్హులని చెప్పుట మఱియొక యడుగు. మెట్లక్రిందివానిని లోనికి రమ్మనుట వేఱు, వచ్చినవాని పాదములకడ మనము కూర్చుండుట వేఱు.

ఇచట చరిత్ర దృష్టితో నొక మాట చెప్పవలయును. ఈ సంభాషణ విస్తారముగా నున్న గ్రంథము చైతన్యచరితామృతము. దానిని కృష్ణదాస కవిరాజు తన వృద్ధాప్యమున బృందావనమందు వంగభాషలో వ్రాసెను. అది పదునేడవ శతాబ్ది మొదటి భాగమున, అనగా సమావేశము జరిగిన సుమారు నూఱేండ్లకు, ముగిసినది. కావున మాటకు మాటగా అదియే జరిగినదని ప్రమాణము చేయలేము. అయినను అంతకు ముందే కవికర్ణపూరుడు తన సంస్కృత గ్రంథములలో వీరి సమావేశమును వర్ణించియుండెను. శిష్యులు శతాబ్దమువఱకు ఈ కథను మఱువక నిలుపుకొని, తమ గురువు శూద్రునిచే బోధింపబడెనని దాచక వ్రాసికొనుటయే గొప్ప చారిత్రక సాక్ష్యము. గురువును పెద్దచేయ నెంచువా డిట్టి కథను కల్పింపడు.

దక్షిణయాత్ర ముగించి చైతన్యుడు మఱల ఈ త్రోవనే వచ్చి, కృష్ణవేణీ తీరమున తనకు లభించిన లీలాశుకుని కృష్ణకర్ణామృతమును రామానందునకు చూపెను. తరువాత రామానందుడు పదవి వదలి పురికి పోయెను. ప్రతాపరుద్రుడు అతని వేతనమును తగ్గింపలేదట.

ఇంతటితో కథ ముగించినచో భక్తులయందు నాకు పక్షపాతమున్నదని మీరనవచ్చును. కావున నింకొక సంగతి చెప్పెదను. రామానందుని సోదరుడు గోపీనాథ పట్టనాయకుడును రాజుగారి యధికారియే. అతడు రాజునకు రెండు లక్షల కాహనముల గవ్వలు బాకీపడెను. కాహనమనగా పదునాఱు పణములు, పణమునకు ఎనుబది గవ్వలు. బాకీకి బదులు గుఱ్ఱముల నిచ్చెదనని యతడనెను. వెల కట్ట వచ్చిన రాజకుమారుడు తగ్గించి చెప్పగా గోపీనాథు డతనిని పరిహసించెను. కోపించిన రాజకుమారు డతనిని క్రింద కత్తులు నిలిపిన మంచెమీది కెక్కించెను. బంధువులును భక్తులును పరుగున వచ్చి చైతన్యుని కాళ్లపై బడిరి. ఆయన ఒక్కమాట చెప్పిన రాజు కాదనడు. కాని ఆయన చెప్పలేదు. రాజుగారి సొమ్ము తిని చెల్లింపనివానిని శిక్షించుటలో రాజు తప్పేమి యనెను. భిక్షుకుడనగు నేను సొమ్ము కొఱకు రాజద్వారమునకు పోదునా, జగన్నాథుని ప్రార్థింపుడనెను. తుదకు రాజు మంత్రి మాట విని గోపీనాథుని విడిపించి, తనకై తానే బాకీ మాపి, మఱల కొలువిచ్చి వేతనమును హెచ్చించెను. గోపీనాథుడు వచ్చి మ్రొక్కగా, రాజునకు చెల్లవలసినది ముందు చెల్లించి, మిగిలినదానినే ధర్మమునకు వినియోగింపుమని చైతన్యుడు హెచ్చరించెను.

రామానందుని కౌగిలించుకొన్న చేతులే గోపీనాథుని కొఱకు చాచుటకు నిరాకరించినవి. ఈ రెంటిని కలిపి చూచినగాని భక్తియోగము మనకు పూర్తిగా బోధపడదు. భక్తి కులమును మాపును గాని లెక్కలను మాపదు. దేవుని సొమ్మును, ఊరి సొమ్మును చేతబట్టియుండు పెద్దలు ఈ కథను గుర్తుంచుకొనదగును.

ఆ కాలముననే మఱియొక వింత జరిగినది. సంభాషణకు ముందటి యేట, 1509లో, శ్రీకృష్ణదేవరాయలు విజయనగర సింహాసనమెక్కెను. 1515లో కొండవీటిని గెలిచి, 1516 నాటికి గజపతి రాజ్యమున సింహాచలమువఱకు నడచెను. గోదావరి కీవల నావల గుఱ్ఱపుడెక్కలు మ్రోగినవి. ఆ కళింగదండయాత్రలోనే శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు తనకు కలలో కనబడెనని రాయలు ఆముక్తమాల్యదలో చెప్పుకొనెను. ఆ కావ్యముననే మాలదాసరి కథ కలదు. తెల్లవారుజామున కురుంగుడి స్వామికి పాటపాడ వచ్చు దాసరి బ్రహ్మరాక్షసుని చేత చిక్కి, పాడి తిరిగి వచ్చెదనని మాటయిచ్చి, మాట తప్పక తిరిగివచ్చెను. అతని పాట ఫలము చేతనే బ్రాహ్మణుడుగా నుండి రాక్షసుడైన వానికి విముక్తి కలిగెను. ఒకరితో నొకరు పోరాడిన రెండు రాజ్యములలో, రెండు భాషలలో, ఒకే యెఱుక పలికినదని మనము గ్రహింపవలయును.

ఇక నా సొంత మాట యొకటి చెప్పి ముగించెదను. దేవాలయ ప్రవేశమునకు మద్రాసు రాష్ట్రమున 1947లో చట్టము వచ్చెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము పదునేడవ యధికరణమున అంటరానితనమును నిషేధించెను. అటుపిమ్మట గూడ, నా చిన్నతనమున, మా యూరి భజనమందిరపు మెట్లక్రింద నొక ముసలివాడు నిలుచుండి పాడుచుండుట నేనెఱుగుదును. లోపలివారు చరణము మఱచి తడబడినపుడెల్ల వెలుపలినుండి ఆ ముసలివాడు అందించెడివాడు. వారందుకొని పాడెడివారు. ఒక యేకాదశినాడు పెద్దవాన కురిసినది. లోపల దీపము, చాప, పొడి నేల. వెలుపల నతడు తడియుచు పాడుచుండెను. నేను లాంతరు పట్టుకొని గుమ్మముకడ కూర్చుంటిని. లోనికి రమ్మని యెవ్వరు నతనితో ననలేదు. నేనును అనలేదు. పిల్లవాడను గదా యని నన్ను నేను చాలకాలము సమర్థించుకొంటిని. చైతన్యచరితామృతమున రేవు కథ చదివిననాడు ఆ సమర్థన నిలువలేదు. అతడు చచ్చిపోయి అప్పటికి చాల యేండ్లయ్యెను.

నేడు మా మందిరపు మెట్లకడ నెవ్వరిని నిలుపుట లేదు. అంతటితో మన పని తీరినదా? లోనికి వచ్చినవాని కొక చాప చూపుచున్నాము. పాట నెత్తికొనుమని ముందుగా వాని నడుగుచున్నామా? తెలిసినవాడే గురువని గోదావరి రేవున తేలిన తీర్పును మన యూళ్లలో నెంతవఱకు నడపితిమో, ఈ రాత్రి భజనకు పోవు పెద్దలు ఎవరికి వారే లెక్క చూచుకొందురుగాక.

సెలవు.